అశోకాన్ని తన్నాలా, నీళ్ళు పోయాలా?

పోయిన నెల ఇదే శీర్షికలో మల్లె కత్తిరింపుల గురించి రాస్తూ, "మొక్కలు పెంచడంలో మంత్రమేమీ లేదు" అని ఓ మాట అనేశాను. ఆ మాట పట్టుకుని వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ చూస్తే, మన పాఠకుల్లో సగం మందికి కావలసింది మంత్రమేనని తేలింది. ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనదాన్ని, నాకు మంత్రాలు రావు. కథలు మాత్రం వచ్చు. అందుకని ఈసారి ఎరువులూ పురుగులూ పక్కన పెట్టి (ఒక్క పురుగు తప్ప, అది చివర్లో), కథల్లో మొక్కల మీద పెత్తనం చేసినవాళ్ళ గురించి వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను.

❋ మేడమ్, 'ఎన్‌కాంటో' సినిమాలో ఇసబెలా చెయ్యి ఊపితే చాలు, గులాబీలు పూసేస్తాయి. అలాంటి శక్తి ఉన్నవాళ్ళు మన పాత కథల్లో ఎవరూ లేరా? – తొమ్మిదో తరగతి విద్యార్థిని, నరసరావుపేట

లేకేం తల్లీ! కాకపోతే మనవాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు కాదు, కాలితో తన్నేవాళ్ళు.

పాతకాలం కవులు ఒక్కో చెట్టుకు ఒక్కో కోరిక అంటగట్టారు. అశోకం పూయాలంటే అందగత్తె ఎవరైనా అందెల కాలితో దాన్ని తన్నాలి. పొగడచెట్టయితే ఆవిడ మద్యం పుక్కిలించి దాని మీద ఉమ్మాలి (ఇది మీ క్లాసులో చెప్పకు). తిలకమనే చెట్టుకు ఓ చూపు చాలు. గోరంటకు కౌగిలింత, సంపెంగకు నవ్వు, మామిడికి నోటి గాలి కావాలి. కర్ణికారానికయితే ఎదురుగా నిలబడి నాట్యమే చేయాలట. ఈ చిట్టా మొత్తం ఒక్క శ్లోకంలో ఉంది. మేఘదూతానికి వ్యాఖ్యానం రాస్తూ దాన్ని ఎత్తి చూపించింది మన మల్లినాథసూరే. కోలాచలం ఆయన ఇంటిపేరు, అంటే ఇవాళ్టి మెదక్ జిల్లా కొల్చారం. కాళిదాసు కావ్యాలు చదివే ప్రపంచమంతా ఈ తెలుగాయన చెయ్యి పట్టుకునే చదువుతుంది.

దీన్నంతా కలిపి 'దోహదం' అంటారు. ఆ మాటకు అసలు అర్థం కడుపుతో ఉన్న ఆడమనిషికి పుట్టే కోరిక. వేవిళ్ళప్పుడు మీ అమ్మ పుల్ల మామిడికాయ అడిగి ఉంటుంది చూడు, అదన్నమాట. పూతకు రాబోయే చెట్టు కూడా అలాగే ఏదో అడుగుతుంది, అది తీరిస్తే పూస్తుంది. పొద్దున్నే పేపర్లో "ఈ రోడ్డు జిల్లా అభివృద్ధికి దోహదపడుతుంది" అని చదివినప్పుడల్లా నాకు తారురోడ్డు కనపడదు, వేవిళ్ళతో ఉన్న చెట్టు కనపడుతుంది. మీ ఇసబెలాకూ మనవాళ్ళకూ తేడా అక్కడే ఉంది. ఆ అమ్మాయి తను అనుకున్నది పూయిస్తుంది. మన కథల్లో అడిగేది చెట్టు, మనిషి ఆ కోరిక తీరుస్తుంది.

ఈ తన్నుడు మీద కాళిదాసు ఓ నాటకమే నడిపించాడు, 'మాళవికాగ్నిమిత్రం'. అగ్నిమిత్ర మహారాజు తోటలో అన్నీ పూశాయి, బంగారు అశోకం ఒక్కటే పూయలేదు. లెక్క ప్రకారం తన్నాల్సింది పట్టపురాణి ధారిణి. కానీ విదూషకుడి తుంటరితనం వల్ల ఆవిడ ఉయ్యాల మీంచి పడి కాలు నొప్పి చేసుకుని కూర్చుంది. అందుకని తన అందెలు ఇచ్చి, కొలువులో ఉన్న మాళవిక అనే అమ్మాయిని పంపింది. అయిదు రాత్రుల్లోగా పూస్తే నీ కోరిక తీరుస్తానని మాట కూడా ఇచ్చింది. తోటలో చెలికత్తె బకుళావళిక తీరిగ్గా కూర్చుని మాళవిక పాదాలకు లత్తుక దిద్దుతుంది. పొద చాటున రాజూ విదూషకుడూ నక్కి చూస్తుంటారు. ఇంకో పక్క నుంచి చిన్నరాణి ఇరావతి చూస్తుంటుంది. మాళవిక తన్నుతుంది. చెట్టు పూయదు సరికదా, ఇరావతి బయటికొచ్చి మొలనూలు ఊడదీసి రాజునే కొట్టబోతుంది! చెట్టు మొగ్గ తొడిగిన కబురు మనకు నాలుగో అంకం చివర్లో గానీ తెలియదు. ఈలోపు మాళవికను చెరలో పెట్టడం, విడిపించడం, దొంగ పాముకాటు, చాలా జరుగుతాయి.

నాకు ఎప్పుడూ ఓ అనుమానం. చెట్టు పూసింది మాళవిక పాదానికా, రాణీగారి అందెలకా? కాళిదాసు తేల్చడు. నేను క్లాసులో అడిగితే మగపిల్లలు పాదానికనేవాళ్ళు, ఆడపిల్లలు అసలు ఆ చెట్టుకు పూసే కాలం వచ్చిందనేవాళ్ళు.

అన్నట్టు నీ ఇసబెలాలో నాకు నచ్చింది గులాబీలు కాదు. చెల్లెలితో గొడవపడి ఒళ్ళు మండినప్పుడు అనుకోకుండా ఓ ముళ్ళ కాక్టస్ పుట్టుకొస్తుంది, దాన్ని చూసి తనే ఆశ్చర్యపోతుంది. ఆ ముఖం చూడటానికి ఆ సీను రెండుసార్లు వెనక్కి తిప్పించుకున్నాను మా మనవరాలి చేత.

❋ మా కాంపౌండు గోడ వెంట పదకొండు అశోక చెట్లున్నాయి. పన్నెండేళ్ళయినా ఒక్క ఎర్ర పువ్వు పూయలేదు. దోహదం సంగతి తెలిసిన మా ఆడపడుచు "ఓసారి తన్ని చూడు వదినా" అని ఒకటే నవ్వు. ఏం చేయమంటారు? – గృహిణి, కూకట్‌పల్లి, హైదరాబాద్

తన్నకండి. పదకొండింటినీ తన్నినా లాభం లేదు, అవి అశోకాలు కావు.

కాంపౌండు గోడల వెంట సిపాయిల్లా నిటారుగా పెరిగి, కొమ్మలు కిందికి వాల్చుకుని, ఆకుల అంచులు అలలుగా ఉండే ఆ చెట్టు పేరు నరమామిడి. సీతాఫలం కుటుంబంలోది. నర్సరీల్లో దాన్ని అశోకం పేరుతోనే అమ్ముతారు. పూయడం లేదనడం కూడా పొరపాటే. లేత ఆకుపచ్చ రంగులో, చిన్న నక్షత్రాల్లాంటి పూలు ఆకుల మధ్యే పూసి ఆకుల్లోనే కలిసిపోతాయి. తర్వాత నల్లటి కాయలు గుత్తులుగా వస్తాయి. వాటి కోసం కోయిలలు పగలూ గబ్బిలాలు రాత్రీ మీ గోడ మీదికి వస్తూనే ఉండి ఉంటాయి.

అసలు అశోకం ఆ నరమామిడికన్నా చింతచెట్టుకు దగ్గరి చుట్టం. పెద్ద ఎత్తు పెరగదు, గుబురుగా ఉంటుంది. లేత ఆకులు రాగి రంగులో, తడిబట్ట ఆరేసినట్టు మెత్తగా వేలాడతాయి. పూలు మొదట పసుపూ నారింజా కలిసిన రంగులో విచ్చి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి కాబట్టి ఒకే గుత్తిలో రెండు మూడు రంగులు కనపడతాయి. ఇంకో విచిత్రం, ఆ పూలు కొమ్మల చివర్నే పూయవు. ముదురు కొమ్మల మీద, ఒక్కోసారి మాను మీదే పుట్టుకొస్తాయి. కుమారసంభవం మూడో సర్గలో వసంతుడు దిగివచ్చినప్పుడు అశోకం మాను మొదలుకొని పూసేసిందనీ, అందెలు ఘల్లుమనే పాదం తగిలేదాకా ఆగలేదనీ కాళిదాసు రాస్తాడు. కాలి తాపు కవిసమయం, అంటే కవులందరూ ఒప్పుకున్న కల్పన. మాను మీద పూత మాత్రం చెట్టు దగ్గర నిలబడి చూసినవాడు రాసిన మాట. ఈ ముక్క దొరికిన రోజు నేను స్టాఫ్ రూములో సంస్కృతం మాస్టారికి టీ ఇప్పించాను.

ఇక నా భాగోతం చెప్పాలి. మాది రాజమండ్రి. కడియం పక్కనే కాబట్టి అశోకం మొక్క కోసం అక్కడికే వెళ్ళి, ఒకచోట తెచ్చుకుంటే అది నరమామిడి అయింది. బోటనీ లెక్చరర్నే మోసపోయాను, చిన్న మొక్కప్పుడు తొందరలో సరిగ్గా చూడలేదు. తర్వాత ఓ కొలీగ్ ఇచ్చిన గింజ వేస్తే అది అసలుది అయింది. ఏడేళ్ళు పెరిగింది. పూత లేదు. ఓ శనివారం మునిమాపు వేళ, ఎవరూ లేరు కదా అని, మా అమ్మాయి వదిలేసి వెళ్ళిన వెండి పట్టీలు పెట్టుకుని ఎడమ కాలితో మెల్లగా ఒక్కటి వేశాను. ఎడమే ఎందుకంటే మేఘదూతంలో యక్షుడు తన ఇంటి అశోకం తన భార్య ఎడమ పాదాన్నే కోరుతుందంటాడు. మనం ప్రొసీజర్ తప్పకూడదు కదా. పక్కింటి డాబా మీంచి కేక వినపడింది: "ఏమైందండీ పిన్నిగారూ, తేలు గానీ వచ్చిందా?"

అయిదు రాత్రుల్లో ఏమీ పూయలేదు. తర్వాతి ఏడాది ఫిబ్రవరిలో పూసింది, అదీ మోకాలెత్తులో, మాను మీద, ఒక్క గుత్తి. ఆ మధ్యలో ప్రహరీ కోసం పునాది తవ్వినప్పుడు దానికి ఓ పక్క వేళ్ళు తెగాయి, పైన నీడగా ఉన్న బాదం చెట్టు కొమ్మలు కొట్టించాం. వేళ్ళకు దెబ్బ తగిలినా, ఎండ పెరిగినా కొన్ని చెట్లు ఆకు మాని పూతకు తిరుగుతాయి. ఇదంతా పక్కింటావిడకు వివరంగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "అయితే తన్నిందే పని చేసిందన్నమాట" అంది.

❋ పాయిజన్ ఐవీ ముద్దు పెట్టుకుంటే మనిషి పోతాడు. బోటనీ ప్రకారం ఇందులో ఎంత నిజం ఉంది? – ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

ముందు ఆవిడెవరో తెలియనివాళ్ళకు చెబుతాను. బ్యాట్‌మ్యాన్ కామిక్స్‌లో 1966లో, 181వ సంచికలో వచ్చిన విలన్. తర్వాతి కథల్లో ఆవిడ డాక్టర్ పమేలా ఐస్‌లీ, బోటనీ శాస్త్రవేత్త. తీగలు ఆవిడ మాట వింటాయి, నరికేసేవాళ్ళ మీద పగ తీర్చుకుంటాయి. మా సబ్జెక్టువాళ్ళకు కథల్లో వేషం దొరకడమే అరుదు. దొరికితే ఇదీ పరిస్థితి.

ఆవిడ పేరు మాత్రం నిజం మొక్కది. ఉత్తర అమెరికా అడవుల్లోనూ పెరళ్ళలోనూ పాకే తీగ అది, ఒక్కో కాడకు మూడేసి ఆకులు. అందులో ఉరుషియాల్ అనే జిడ్డు ఉంటుంది. చర్మానికి తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎర్రటి పొక్కులు. అందరికీ రాదు. మొదటిసారి తగిలినప్పుడు ఒళ్ళు దాన్ని గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత తగిలినప్పుడు గొడవ మొదలుపెడుతుంది. అంటే అది విషం కన్నా మన ఒంటి అతితెలివి. పొక్కులతో మనిషి పోవడమంటే కామిక్ రాసినవాళ్ళ చేతివాటం.

నీకు ఆ తీగ తెలియకపోవచ్చు గానీ దాని చుట్టాలు తెలుసు. అది మామిడి కుటుంబానిది. ముచిక విరిచినప్పుడు చిమ్మే సొన పెదవి మీద పడితే ఏమవుతుందో ఆంధ్రా పిల్లలకు పాఠం చెప్పక్కర్లేదు. నాకు తొమ్మిదో ఏట కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ కొరికిన చోట పెదవి చివర మచ్చ ఇప్పటికీ ఉంది. జీడిమామిడి కూడా అదే ఇల్లు. పలాసలో జీడిగింజలు కొట్టేవాళ్ళ వేళ్ళు పెంకులోని నూనెకు నల్లబడిపోతాయి. నల్లజీడి మరీనూ. దాని రసంతో వేసిన గుర్తు ఎన్ని ఉతుకులకూ పోదని పూర్వం చాకిరేవులో బట్టలకు దాంతోనే గుర్తులు పెట్టేవారు. కాబట్టి పాయిజన్ ఐవీ మనకు పరాయిది కాదు, ఆవకాయకు దూరపు చుట్టం.

❋ 'గార్డియన్స్ ఆఫ్ ది గాలక్సీ' సినిమాలో చెట్టుమనిషి గ్రూట్ ముక్కలైపోయాక ఒక పుల్లను కుండీలో పెడితే మళ్ళీ బతికాడు. నిజంగా అవుతుందా? – అయిదో తరగతి, వరంగల్

మునగచెట్టు అయితే అవుతుంది నాన్నా. మీ ఇంటి దగ్గర ఎవరైనా మునగ కొట్టేసినప్పుడు మణికట్టంత లావు కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకో. ఓ రోజు నీడలో ఆరనిచ్చి, చెట్టు మీద కింద ఉన్న వైపే కిందికి ఉండేట్టు మట్టిలో పెట్టు. కోసిన చోట కణాలు వేళ్ళుగా మారతాయి, పైన కణుపుల్లోంచి చిగురొస్తుంది. మందారం, నందివర్ధనం కూడా ఇంతే. తాటిచెట్టుకు మాత్రం ఈ విద్య రాదు, దానికి ఉన్నదంతా ఒక్క మొవ్వు. గ్రూట్ తాటిచెట్టు అయి ఉంటే ఆ సినిమా అక్కడితో అయిపోయేది.

❋ అమ్మా, మా ఇంట్లో రోజూ గొడవ. పెద్దవాడు జపాన్ కార్టూన్ 'నరుటో'లో హషిరామా గొప్ప, నేల మీంచి అడవినే లేపుతాడంటాడు. చిన్నవాడు కామిక్స్‌లోని మొక్కల మనిషి స్వాంప్ థింగ్ గొప్పంటాడు. మన కథల్లో ఇంతకన్నా మొనగాడు ఉన్నాడని చెప్పి ఇద్దరి నోళ్ళూ మూయించాలి. – ఓ తల్లి, డల్లాస్

ఉన్నాడమ్మా, పేరు కాశ్యపుడు. మహాభారతం ఆదిపర్వంలో కాసేపు కనపడి వెళ్ళిపోతాడు. నన్నయ తెలుగు భారతంలోనూ ఉన్నాడు.

పరీక్షిత్తు ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకు పోతాడని శాపం ఉంది కదా. ఏడో రోజున ఈ కాశ్యపుడనే బ్రాహ్మడు హస్తినాపురానికి బయల్దేరాడు. రాజును బతికిస్తే పుణ్యానికి పుణ్యం, డబ్బుకు డబ్బు. దారిలో తక్షకుడు ముసలి బ్రాహ్మడి వేషంలో ఎదురయ్యాడు. ఎక్కడికన్నాడు, ఈయన చెప్పాడు. "నేనే తక్షకుణ్ణి. ఇదిగో ఈ మర్రిని కాటేస్తాను, బతికించు చూద్దాం" అని పక్కనున్న మర్రిచెట్టును కరిచాడు. చెట్టు భగ్గున మండి బూడిదైంది. కాశ్యపుడు ఆ బూడిదంతా కుప్ప చేసి తన విద్య ప్రయోగించాడు. మొదట ఓ మొలక వచ్చింది. తర్వాత రెండు ఆకులు. ఆ తర్వాత మరిన్ని ఆకులు, రెమ్మలు, కొమ్మలు, చివరికి ఎప్పటి మర్రి అప్పటిలాగే.

ఆ రెండు ఆకుల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. బూడిదలోంచి చెట్టును లేపేవాడికి నేరుగా చెట్టునే నిలబెట్టడం కష్టమా? మర్రి గింజ మొలిచినప్పుడు ముందు వచ్చేవి రెండు బీజదళాలే. ఎంత మంత్రమైనా ఆ మెట్టు దాటనివ్వలేదు కథ చెప్పినవాడు. హషిరామా అడవి చూశాను, మా మనవడు చూపించాడు. కళ్ళు చెదురుతాయి గానీ అందులో మొలక లేదు, అన్నీ మానులే.

తర్వాత సంగతి పిల్లలకు చెబుతారో లేదో మీ ఇష్టం. రాజు దగ్గర నీకు దొరికే దానికన్నా ఎక్కువ నేనిస్తాను, వెనక్కి వెళ్ళమన్నాడు తక్షకుడు. కాశ్యపుడు కళ్ళు మూసుకుని చూస్తే రాజుకు ఆయుష్షు తీరిపోయిందని తెలిసింది. డబ్బు తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

మరి నిర్మానుష్యమైన అడవిలో ఇద్దరి మధ్య జరిగింది లోకానికెలా తెలిసింది? జనమేజయుడు తన మంత్రుల్ని సరిగ్గా ఇదే అడిగాడు. ఎండుపుల్లల కోసం ఒకడు ఆ మర్రి ఎక్కి ఉన్నాడట. చెట్టుతో పాటు వాడూ బూడిదయ్యాడు, చెట్టుతో పాటే మళ్ళీ లేచాడు, నగరానికొచ్చి చెప్పాడు. వాడి పేరు భారతం చెప్పదు. మీ పిల్లలిద్దరూ కాశ్యపుడి కోసం కొట్టుకోకుండా చూడండి, నాకయితే ఆ పుల్లలవాడే కావాలి.

❋ మేడమ్ గారూ, మీ శీర్షిక మొక్కల కోసం చదువుతున్నాం, సినిమా కబుర్ల కోసం కాదు. రెండు నెలల కిందట మా పెరటి మామిడికి తేనెమంచు పురుగు గురించి రాశాను, జవాబు లేదు. పూత కోసం కల్టార్ పోయమని కూడా ఒకరు చెప్పారు. పోయాలా? – రిటైర్డ్ ఉద్యోగి, నూజివీడు

తప్పు నాదే, మన్నించండి. మీ ఉత్తరం మల్లె ఉత్తరాల కట్టలోకి వెళ్ళిపోయింది.

కల్టార్ అంటే ఈ కాలం దోహదం, సీసాలో వస్తుంది. చెట్టు ఎదుగుదల హార్మోనును అణచిపెట్టి పూతకు మళ్ళిస్తుంది. తోటల రైతులు లెక్క ప్రకారం పాదులో పోస్తారు. పెరట్లో ఉన్న ఒక్క చెట్టుకు, కుటుంబం తినే కాయలకు అవసరం లేదు. పైగా ఆ మందు మట్టిలో త్వరగా పోదు, పక్కన మీరు వేసిన వంగా బెండా కూడా గిడసబారిపోతాయి.

తేనెమంచు పురుగుకు ఇష్టమైనవి చీకటీ గుబురూ. పూత కాండాల్లో రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతుంది, దాని మీద మసి పడుతుంది. కాయలు కోసుకున్నాక చెట్టు మధ్యలో అడ్డదిడ్డంగా పెరిగిన కొమ్మలు తీసేయండి, మిట్టమధ్యాహ్నం ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడాలి. పూమొగ్గ బయటికి వస్తున్నప్పుడే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టండి. పూత పూర్తిగా విచ్చుకున్నాక ఏ మందూ కొట్టకండి, ఈగలూ తేనెటీగలూ పోతే కాయ పట్టదు.

కొమ్మలు తీసేటప్పుడు చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పాత ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. సొన సంగతి పైన విజయవాడ అబ్బాయికి రాశాను.